చింతపండుతో తోమిన బొహీమియా గాజు

2022 ఆషాఢంలో, సూరత్‌లో, నా లెటర్‌హెడ్ మీద నేను రాసి సంతకం పెట్టిన మూడు వాక్యాలు అరవై ఎనిమిదేళ్ళ మనిషిని దొంగను చేశాయి. ఆ మూడు వాక్యాల్లో ఒక్క అబద్ధం లేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ముందు నా మీద, తర్వాత ఆ కాగితం అడిగి పుచ్చుకున్న పెద్దమనిషి మీద, ఆ తర్వాత దాన్ని చూసి తలలూపిన మావాళ్ళ మీద.

పర్వత్ పాటియా దగ్గర, బట్టల మార్కెట్ వెనక సందులో నాకొక దుకాణం ఉంది. పాత గాజు సామాను కొంటాను, అమ్ముతాను. మా నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ మరమగ్గాల మీద పనిచేశాడు. నేనూ మగ్గం మీదికే పోవాల్సింది గాని, ఆ చప్పుడు నా చెవులకు పడక, చీరల మీద కుట్టే పూసలమ్మే కొట్లో కుదిరాను. అక్కడికి చెక్ దేశం నుంచి గాజుపూసలు వచ్చేవి. దారానికి గుచ్చి, చివర చిన్న చీటీ కట్టి ఉండేవి. వెయ్యి పూసలు తీసినా ఒకదానికొకటి తేడా ఉండేది కాదు. నేత సమంగా ఉందా లేదా అని చూడటం నేతింట్లో పుట్టినవాడికి ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటు. గాజును ఇంత సమంగా చేసే మనుషులు ఎవరు అన్న ప్రశ్న అక్కడ పట్టుకుంది, ముప్పై ఏళ్ళుగా వదల్లేదు.

ఆ దేశపు పడమటి సగాన్ని బొహీమియా అంటారు. అక్కడి పనివాళ్ళు తెల్లగాజు మీద పలచగా ఎర్రగాజో నీలంగాజో తొడిగి, పై పొరను చక్రం మీద కోసి లోపలి తెల్లదనం బయటికి తెచ్చేవారు. దీన్ని ఓవర్‌లే అంటారు. దాని మీద బంగారు తీగలు, పూలు వేసి, కాల్చేవారు. అటువంటి సామాను ఓడలెక్కి మన రాజుల కోటలకే కాదు, సూరత్ పాత పట్నంలోని వ్యాపారుల ఇళ్ళకూ వచ్చింది. నేటికీ ఆ ఇళ్ళ అద్దాల బీరువాల్లో ఉంది. నా పని ఆ బీరువాలు తెరిపించుకోవడం.

కేతన్‌భాయ్ నన్ను పిలిచింది అందుకే. పాత పట్నంలో మూడంతస్తుల ఇల్లు వాళ్ళది. ఆ ఇంటి పెద్దావిడ, అందరూ బా, అంటే అమ్మ, అని పిలిచే హంసా బా, అంతకు ముందటి చలికాలంలో చనిపోయింది. పిల్లలు లేరు. మేనల్లుడు కేతన్‌భాయ్ ఇల్లు ఖాళీ చేయిస్తున్నాడు. బీరువాలో ఒకే ఒక్క వస్తువు నన్ను నిలబెట్టేసింది. జానెడున్నర ఎత్తు గాబ్లెట్, అంటే కాడ మీద నిలిచే పెద్ద గ్లాసు. దానిమ్మగింజ ఎరుపు. చుట్టూ తెల్లని కిటికీల్లాంటి కోతలు, వాటిలో పూలు, పూల చుట్టూ బంగారు తీగ. జేబులోని భూతద్దం తీసి, తిప్పి అడుగు చూశాను. చిన్నగా, బంగారంతో, 14 అని రాసి ఉంది. ఒక జతకు పనిచేసేటప్పుడు అది వేరే జతలతో కలిసిపోకుండా బంగారం వేసేవాడు రెంటికీ ఒకే నంబరు వేస్తాడు.

"దీనికి జత ఉండాలే," అన్నాను హిందీలో.

"ఉంటే ఏమవుతుంది?" అన్నాడు కేతన్‌భాయ్.

"ఉంటే కథే వేరు. విడిగా ఇది అందమైన గ్లాసు. జతగా అయితే మ్యూజియంవాళ్ళు కూడా లేచి నిలబడతారు."

అంతటితో ఊరుకుంటే ఈ కథ లేదు. కానీ ఆ ఎరుపును నేను ఎక్కడో చూశాను. ఎక్కడ చూశానో ఆ క్షణమే గుర్తొచ్చింది, నోరు ఆగలేదు. "కేతన్‌భాయ్, దీని జతను నేను చూశాను. మా తెలుగువాళ్ళ భజన మందిరంలో లచ్చవ్వ అని ఒక ముసలామె అందులో దీపం పెడుతుంది!"

ఇది చెప్పేటప్పుడు నా గొంతులో ఎంత సంతోషముందో నాకు గుర్తుంది. ఆ ముసలామె ఏమవుతుందన్న ఆలోచన రవ్వంత కూడా లేదు. మా నాన్న శనివారం శనివారం పురాణం చదివించేవాడు. అబద్ధమాడిన నాలుకకే కాదు, అడగని చోట నిజం కక్కిన నాలుకకు కూడా పాపం అంటుతుందని పురాణం చెప్పే అయ్యగారు అనేవారు. నలభై ఏళ్ళు విన్న మాట అవసరమైన రోజున నా చెవిలో లేదు.

కేతన్‌భాయ్ కాఫీ తెప్పించాడు. ఒక కాగితం రాసివ్వమన్నాడు. రాశాను. "ఈ గాబ్లెట్ పందొమ్మిదో శతాబ్దపు బొహీమియా పనితనం. దీన్ని జతగా తయారు చేశారు. రెండవదాని అడుగున ఇదే నంబరు ఉంటుంది."

ఆ శనివారం భజనకు వెళితే దేవుడి ముందు స్టీలు ప్రమిద వెలుగుతోంది. ఎర్రదీపం లేదు. లచ్చవ్వ మందిరం బయట, చెప్పులు విడిచే చోట, మెట్టు మీద కూర్చుని ఉంది. లోపల తాళాలు మోగుతున్నాయి. ఆమె పెదవులు వాటితో కదులుతున్నాయి.

"గిక్కడ కూసున్నవేందవ్వా?" అన్నాను.

"నువ్వే చెప్పాలె శంకరయ్యా. నీ కాగితమేనట గద."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

నేను కాగితమిచ్చిన నాలుగోరోజు కేతన్‌భాయ్ మా మందిరం కమిటీ దగ్గరికి వచ్చాడట. నా కాగితం ఒక చేతిలో, తాను రాసిన ఫిర్యాదు ఇంకో చేతిలో. "పోయిన దీపావళికి రెండు గ్లాసులూ బీరువాలో ఉండగా నా కళ్ళతో చూశాను. మా అత్త చివరిరోజుల్లో ఈమె ఇంట్లో తిరిగింది. రెండోది ఈమె దగ్గర దొరికింది. వారంలో ఇప్పించకపోతే పోలీసులకు ఇస్తాను," అని అందులో ఉంది. మావాళ్ళు గ్లాసు తెప్పించి కమిటీ అల్మారాలో పెట్టి తాళం వేశారు. సంగతి తేలేదాకా దీపం సేవ బంద్ అని మైకులో చెప్పారు. మైకులో! ఆమె మనవరాలు కూడా అక్కడ పాటలు పాడే గుంపులో ఉంది.

"అవ్వా, అది నీకెట్లొచ్చింది?" అని అప్పుడు అడిగాను. మొదట అడగాల్సిన ప్రశ్న అన్నిటికంటే చివర అడిగాను.

"వరదల," అంది. 2006లో తాపీ నది పట్నం మీదికి వచ్చినప్పటి మాట. ఆ రోజుల్లో ఆమె హంసా బా ఇంట్లో వంటకు పోయేది. "నీళ్ళొచ్చినయ్, నేను ఇల్లు చేరలే. మూడు దినాలు మీదంతస్తుల బా, నేను. కరెంటు లేదు, కొవ్వొత్తి లేదు. బీరువల నుంచి గిది దీసి, సగం నీళ్ళు వోసి, మీద నూనె వోసి, ఒత్తి దేలేసిన. బా లొల్లి వెట్టింది. 'లక్ష్మీ, అది మా మామగారిదే, పగుల్తదే' అని. మూడో దినం తనే నూనె వోసింది. నీళ్ళు దిగినంక నా కొంగుల వెట్టి, 'ఇది దీపమైంది, ఇగ బీరువల వెట్టద్దు, తీస్కపో' అన్నది."

"ఎవరన్న చూసిన్రా?"

"దేవుడు జూసిండు. ఆయన్ను పిలువుమను కమిటీకి."

మా రంగంలో ప్రావినెన్స్ అని ఒక మాట ఉంది. వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పే వంశవృక్షం వంటిది. బిల్లులు, ఉత్తరాలు, ఫొటోలు ఉంటే నమ్ముతాం. దొరలకూ సేట్లకూ అవి ఉంటాయి. కొంగులో పెట్టిన దానానికి బిల్లు ఎక్కడ తెస్తారు?

మరునాడు కమిటీ అధ్యక్షుడు రాజేశమన్న ఇంటికి వెళ్ళి గ్లాసు చూపించమన్నాను. మందిరానికి తీసుకొచ్చి అల్మారా తీశాడు. చేతిలోకి తీసుకున్నాక నన్ను నేను తిట్టుకున్నాను. పదహారేళ్ళు నేను ప్రతి శనివారం దీనికి పది అడుగుల దూరంలో కూర్చున్నాను. రంగుగాజు గ్లాసేదో అనుకున్నాను. తిప్పి అడుగు చూస్తే నంబరు లేదు. పైన బంగారం కూడా చాలావరకు లేదు.

"బంగారమేమైంది రాజేశమన్నా?"

"తోముతది గదా. శనివారం శనివారం చింతపండు, బూడిద వెట్టి. దేవుని సామాను తోమకుండ వెడ్తరా?"

ఏ దేశంలో ఏ సేకరణదారుడూ చేయని తప్పు ఇది. బొహీమియా బంగారాన్ని మేం తడిగుడ్డతో తుడవడానికి కూడా జంకుతాం. ఆమె దాన్ని ఇత్తడి చెంబులా తోమింది, వారం తప్పకుండా. నాకు కళ్ళ నీళ్ళు వచ్చినంత పనైంది.

రాజేశమన్న మాత్రం హుషారయ్యాడు. "నంబరు లేదు గదా! అయితే జత కాదని ఇంకో కాగితం రాసెయ్. లొల్లి ఖతం."

నిజం చెబుతున్నాను, మనసు ఊగింది. ఒక్క వాక్యంతో ఆమె బయటపడుతుంది. కానీ వాలుగా టార్చి వేసి చూస్తే అడుగున గాజు మీద 14 అన్న నీడ కనబడుతోంది. బంగారం పోయినా, అది కాలి అంటిన చోట గాజు కాస్త మసకగా మిగులుతుంది. ఇది జతే. కాదని రాస్తే, మొదటి కాగితం నిజమై పాపం చేసింది, రెండోది అబద్ధమై పాపం చేస్తుంది.

లచ్చవ్వను అడిగాను. ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. "జత గాదని ఎట్లంటవ్? బా చేతుల నుంచి దీస్కున్న. ఆమె ఇచ్చిందాన్ని ఆమెది గాదంటే, అప్పుడు నేను నిజంగనె దొంగనైత."

ఆ సాయంత్రం గ్లాసును మళ్ళీ ముందు పెట్టుకున్నాను. ఈసారి దాని అందం చూడలేదు, దాని మీద జరిగినదాన్ని చూశాను. చూసిందంతా నోటుబుక్కులో రాసుకుని, వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు అందరూ రావాలని, కేతన్‌భాయ్ తన గ్లాసు కూడా తేవాలని చెప్పించాను. జత చూపించి పట్టుకుపోవచ్చనుకున్నాడేమో, వెంటనే ఒప్పుకున్నాడు.

మందిరంలో తెల్లగుడ్డ పరిచి రెండు గ్లాసులూ పక్కపక్కన నిలబెట్టాను. ఒకటి నిండా బంగారం, ఇంకొకటి బోడి. కేతన్‌భాయ్ దాన్ని చూసి మండిపడ్డాడు. "చూశారా, ఎలా పాడు చేసిందో! నంబరు కూడా గీకేసింది, దొరక్కూడదని!"

"నంబరు పోయింది, కానీ దాని నీడ ఉంది. ఇవి రెండూ జతే," అన్నాను. రాజేశమన్న నావైపు గుడ్లురిమాడు. లచ్చవ్వ మాత్రం కదల్లేదు.

"ఒక్క మాట చెప్పండి కేతన్‌భాయ్. ఈ రెండూ పోయిన దీపావళి దాకా బీరువాలోనే ఉన్నాయా?"

"బిల్కుల్. చిన్నప్పటి నుంచి చూస్తున్నా. కదిలించినవాడు లేడు."

"అయితే అడుగులు చూడండి." ఆయన గ్లాసు తిప్పాను. అద్దంలా ఉంది. లచ్చవ్వది తిప్పాను. అడుగు అంచంతా గీతలు. పొడవు, పొట్టి, అడ్డం, నిలువు, ఒకదాన్నొకటి కోసుకుంటూ. "మా భాషలో దీన్ని బేస్ వేర్ అంటారు, అడుగు అరుగుదల. దొంగసరుకు చేసేవాడు గరుకు కాగితం మీద రుద్దితే గీతలన్నీ ఒకే తీరుగా వస్తాయి. ఇవి అలా లేవు. బండ మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, కొన్ని వందలసార్లు జరిగితే గాని ఇలా రావు. బీరువాలో కూర్చున్న వస్తువుకు ఇవి ఎక్కడివి?"

ఆయన ఏదో అనబోయాడు. నేను ఆగలేదు. గ్లాసులోకి టార్చి వేసి అందరినీ పిలిచి చూపించాను. సగం ఎత్తులో, లోపల, చుట్టూ పాలపొరలాంటి గీత. "సగం దాకా నీళ్ళు, పైన నూనె. నీళ్ళు నిలిచిన మేర గాజు తెల్లబారింది. ఇది కడిగితే పోయే మరక కాదు, గాజుకు పట్టిన జబ్బు. సిక్ గ్లాస్ అంటారు. ఏళ్ళ తరబడి నీళ్ళు నిలిస్తే వచ్చేది. దీపావళి నుంచి ఆషాఢానికి రాదు. మీదాంట్లో చూపించండి."

చివరికి లచ్చవ్వను పిలిచి, శనివారం ఎలా తోముతావో పట్టుకుని చూపించమన్నాను. ఆమె ఎడమ పిడికిలితో కాడను బిగించి పట్టింది, కుడిచేయి పైన ఆడించింది. "అట్లనే ఉండవ్వా. ఇప్పుడు చెయ్యి తియ్యి." కాడ మీద, సరిగ్గా ఆ చిన్న పిడికిలి మూసినంత మేర, బంగారు తీగ మిగిలి ఉంది. పైన లేదు, కింద లేదు. బూడిద తగలని చోటు అదొక్కటే.

గుంపులోంచి ఎవరో "ఓ నాయ్నా!" అన్నారు.

కేతన్‌భాయ్ ముఖం మాడింది. "అయితే ఎప్పుడో పదేళ్ళ కిందే ఎత్తుకుపోయి ఉంటుంది."

నాకు అప్పుడు వచ్చిన కోపం ఆ మందిరంలో నేనెన్నడూ తెచ్చుకోలేదు. "మీ కాగితం మీ చేతిలోనే ఉంది, చదవండి! దీపావళికి రెండూ కళ్ళతో చూశానని రాసింది మీరు. ఇప్పుడు పదేళ్ళంటున్నది మీరు. ఇందులో ఏది చూశారు మీ కళ్ళు? మీ అత్త ఇంటికి ఏడాదికి ఒకసారి వచ్చి బీరువా కూడా చూడని మనిషి, ముంబయిలో ఎవడో జత కావాలన్నాడని, మీ అత్తకు మూడు రోజులు గంజి కాచిపోసిన మనిషిని దొంగ అంటారా?" ముంబయి సంగతి నేను ఊహించి అన్నదే. ఆయన కాదనలేదు. తన గ్లాసు గుడ్డలో చుట్టుకుని, ఫిర్యాదు కాగితం జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాడు. పోలీసుల మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆయన మీద కోపం అక్కడితో దిగింది. దిగనిది మావాళ్ళ మీద. ఆయన మెట్లు దిగీ దిగకముందే రాజేశమన్న చేతులు దులుపుకున్నాడు. "సరే పో లచ్చవ్వా, అయిపోయింది గదా. ఈ శనివారం నుంచి దీపం వెట్టుకో."

"వెట్టుకో అంటే వెట్టుకుంటదా?" అన్నాను. "ముప్పై ఏండ్లు మనతోని కూసొని నామం జేసిన మనిషి. ఒక అన్యుడు కాగితం తెస్తే, ఒక్కడన్న 'నీకెట్లొచ్చింది అవ్వా' అని అడిగిండ్రా? నింద జేసిన నోటికెంత పాపమో, విన్న చెవికంతే అని గిక్కడనే గద వింటున్నం వారం వారం!"

"అరే శంకరన్నా, కాగితం మీద నీ సంతకమే ఉండె. మేమేం జేస్తం?"

ఆ మాట నిజం. ఒప్పుకున్నాను. "అందుకే ముందుగాల మైకుల నేను మాట్లాడ్త. తర్వాత మీరు."

శ్రావణంలో నూలు పున్నమి మాకు పెద్ద పండుగ. జంధ్యాలు మార్చుకుంటాం, ఊరి నలుమూలల నుంచి, ఊరి బయట సచిన్, కడోదరా ప్రాంతాల మిల్లుల్లో పనిచేసేవాళ్ళు కూడా వస్తారు. ఆ జనం ముందు మైకు పట్టుకుని జరిగింది చెప్పాను. ఆమె గ్లాసు సంగతి మొదట బయటపెట్టింది నేనే అని, గొప్ప కోసం చెప్పానని, ఆమెను ఒక్క ముక్క అడగకుండా కాగితం రాశానని చెప్పాను. రాజేశమన్న కూడా మాట్లాడాడు. నసిగాడు గాని, క్షమించమన్న మాట మైకులోంచి వినబడింది. మనవరాలు పాటల గుంపులో నిలబడి విన్నది.

లచ్చవ్వ లోపలికి వచ్చి, గ్లాసులో నీళ్ళు పోసి, నూనె పోసి, ఒత్తి తేలేసింది. ఎర్రటి వెలుగు తెల్లని కిటికీల్లోంచి గోడ మీద పడింది. వెనక్కి వస్తూ నా పక్కన ఆగింది.

"పదహారేండ్లు భూతద్దం జేబుల వెట్టుకొనే భజన జేసినవ్ గద శంకరయ్యా. జర కండ్లు తెరిసి మొక్కు."

అది తిట్టో దీవెనో తెలియలేదు. పుచ్చుకున్నాను.

ఆ తర్వాత నా పనిలో ఒక నియమం పెట్టుకున్నాను. ఒకరింట్లో చూసిన వస్తువు సంగతి ఇంకొకరింట్లో ఎత్తను. వస్తువు ఎవరి దగ్గరుందో వాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి అడగకుండా ఒక్క వాక్యం రాసివ్వను. కొన్ని బేరాలు పోయాయి, పోనీ.

ఇంకొకటి కూడా మారింది. బంగారం అరిగితే, గాజు మసకబారితే, మా రంగంలో ఆ వస్తువు పక్కన "పాడైంది" అని రాస్తాం. నేనూ ఎన్నోసార్లు రాశాను. ఆ జతలో ఒకటి బీరువాలో చెక్కుచెదరకుండా ఉండిపోయింది, దాని గురించి చెప్పడానికి వరుసలో ఒక నంబరు తప్ప ఏమీ లేదు. రెండోదాన్ని లచ్చవ్వ ఇప్పటికీ ప్రతి శనివారం చింతపండుతోనే తోముతోంది. పిడికిలి కింద మిగిలిన ఆ కాస్త తీగ కూడా సన్నబడుతోంది. తడిగుడ్డ చాలవ్వా అని చెప్పాలని నోటిదాకా వస్తుంది. నోరు మూసుకుని, కళ్ళు తెరిచి, దీపానికి మొక్కుతాను.